రెండు గొట్టాల పాత డైవింగ్ రెగ్యులేటర్ (సిలిండర్లోని గాలిని ఊపిరికి అందించేది) దొరికింది, షోకేసులో పెట్టాలా, నీళ్లలోకి దింపాలా?

ఫ్లోరిడా_చేప:

అందరికీ నమస్తే. టాంపాలో ఉంటాను. డైవింగ్ సర్టిఫికేషన్ వచ్చి నాలుగేళ్లయింది, లాగ్‌బుక్‌లో డెబ్బై పైచిలుకు డైవ్‌లు ఉన్నాయి, అందులో సగం విలిస్టన్ దగ్గర డెవిల్స్ డెన్, బ్లూ గ్రాటో అనే స్ప్రింగ్స్‌లో (నేలలోంచి ఊరే నీటి మడుగులు) చేసినవే.

పోయిన శనివారం మా వీధి చివర ఒక పెద్దావిడ గరాజ్ సేల్ పెట్టింది. గోల్ఫ్ కర్రలూ, పాత మిక్సీలూ ఉన్న బల్ల కింద ఒక అట్టపెట్టె, అందులో చిన్న స్టీలు టిఫిన్ డబ్బాను పక్కకి పడుకోబెట్టినట్టు ఒక గుండ్రటి పెట్టె, దాని రెండు వైపుల నుంచి మడతలు మడతలుగా రెండు నల్ల రబ్బరు గొట్టాలు, మధ్యలో మౌత్‌పీస్. చూడగానే గుండె ఝల్లుమంది. పాత ఫోటోల్లో ఆ ఫ్రెంచ్ డైవర్ కూస్తో వాళ్ల వీపు మీద ఉండేది ఇదేగా! వాళ్లాయన 60ల్లో కొన్నాడట. అరవై డాలర్లు చెప్పింది, నలభై ఐదుకి ఇచ్చింది. ఇంటికి తెస్తే మా ఆవిడ "ఆ పాత వాక్యూమ్ క్లీనర్ గొట్టాలు ఇంట్లోకి తేకు" అంది.

లేబుల్ మీద యు.ఎస్. డైవర్స్, డిఎ ఆక్వా-మాస్టర్ అని ఉంది. క్రోమ్ చాలావరకు బాగానే ఉంది, క్లిప్పుల దగ్గర మాత్రం పచ్చగా చిలుం. గొట్టాలు వంచితే మడతల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి. ఇది అసలుదేనా, దీంతో నిజంగా డైవ్ చేయొచ్చా, లేక గోడకి తగిలించుకోవడమేనా? ఇంకో తెలివితక్కువ ప్రశ్న కూడా అడిగేస్తాను, అసలు రెండు గొట్టాలు ఎందుకు? ఒకదాంతో పని జరుగుతుంటే రెండోది దేనికి?

ఇత్తడిపిచ్చి:

ముందు ఒక మాట, దాన్ని ఇప్పుడే సిలిండర్‌కి తగిలించి "పని చేస్తుందేమో చూద్దాం" అనుకోకు తమ్ముడూ. ఆ గొట్టాల్లోంచి ఒక్కసారి కూడా ఊపిరి పీల్చకు. అరవై ఏళ్లుగా గరాజ్‌లో ఫ్లోరిడా ఉక్కలో పడున్న రబ్బరు అది. లోపల బూజు ఉంటుంది, సాలెగూడు ఉంటుంది, నా రెండోదాంట్లో అయితే ఏకంగా కందిరీగ గూడు ఉంది.

హ్యూస్టన్‌లో ఉంటాను, నా దగ్గర ఇలాంటివి పదకొండు ఉన్నాయి, అందులో నాలుగు నీళ్లలోకి దిగుతాయి, మిగతావి పుస్తకాల బీరువా మీద కూర్చుంటాయి. నీకు దొరికింది మంచి మోడలే. 50ల చివర వచ్చింది, చాలా ఏళ్లు అమ్మారు, అమెరికా నేవీ వాడింది, మందుపాతర్ల దగ్గర పనిచేసేవాళ్ల కోసం అయస్కాంతానికి అంటని రకం కూడా చేశారు. అంటే అరుదైనదేం కాదు, దాంతో ఇల్లు కట్టుకోలేవు, కానీ విడిభాగాలు దొరికే మోడల్ ఇదే, మొదటిసారి కొన్నవాడికి అంతకంటే ఏం కావాలి. దీని అన్న రాయల్ ఆక్వా-మాస్టర్ అని ఉంటుంది, పెట్టె అదే, లోపల ఫస్ట్ స్టేజ్ (సిలిండర్ గాలి ఒత్తిడిని మొదట తగ్గించే భాగం) బ్యాలెన్స్‌డ్. అంటే సిలిండర్లో గాలి తగ్గుతున్నా అది ఇచ్చే ఒత్తిడి దాదాపు ఒకేలా ఉంటుంది, నీదాంట్లో కాస్త మారుతుంది. లేబుల్ చూసి రాయల్ అనుకుని డబ్బు పోసేవాళ్లున్నారు జాగ్రత్త, కొత్తగా అచ్చేసిన లేబుళ్లు బోలెడు దొరుకుతాయి. విప్పి లోపల చూస్తేనే నిజం తెలుస్తుంది.

విప్పడం కష్టం కాదు. చుట్టూ ఉన్న క్లిప్పులు ఒక్కొక్కటే మెల్లగా లాగు, స్క్రూడ్రైవర్‌తో పొడిచావంటే అంచు సొట్టపోతుంది, ఆ సొట్టలోంచే తర్వాత నీళ్లు కారతాయి. పెట్టె రెండు ముక్కలవుతుంది. మధ్యలో అప్పడంలా ఒక రబ్బరు పొర ఉంటుంది, డయాఫ్రం. అది నిజంగానే అప్పడంలా విరుగుతుంటే పారేయ్, సిలికాన్‌వి కొత్తవి వస్తున్నాయి. దాని పక్కనే బాతు ముక్కు లాంటి రబ్బరు వాల్వ్, డక్‌బిల్ అంటారు. నువ్వు వదిలిన గాలి పోయేది దాంట్లోంచే. పాతబడితే రెండు పెదాలూ అంటుకుపోయి గాలి బయటికి పోదు, లేదా చిరిగిపోయి నీళ్లు లోపలికొస్తాయి. అదీ మార్చు. గొట్టాలు రెండూ మార్చు, ఇందులో బేరం లేదు. ఇత్తడి భాగాలకి వెనిగర్ సగం, నీళ్లు సగం, కాసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. ఇనుప బ్రష్ పట్టుకున్నావో నీతో మాట్లాడను.

వైజాగ్_బుడగలు:

నాది కొంచెం చేదు మాట, ఏమనుకోకండి. విశాఖలో డైవింగ్ నేర్పుతాను. మీరు చెప్తున్న దాంట్లో ప్రెషర్ గేజ్ లేదు, ఆక్టోపస్ (పక్కవాళ్లకి ఇచ్చే అదనపు మౌత్‌పీస్) లేదు, బిసిడికి (తేలడానికి గాలి నింపే జాకెట్) గాలి పట్టే హోస్ లేదు. మీతో జోడీగా దిగిన బడ్డీకి గాలి అయిపోతే ఏమిస్తారు, ఆ ఒక్క మౌత్‌పీస్‌నే చేతులు మార్చుకుంటారా? ఇక్కడ రుషికొండ దగ్గర కొన్ని రోజులు చెయ్యి చాస్తే వేళ్లు కనపడవు. అలాంటి నీళ్లలో అది వేసుకొస్తానని ఎవరైనా అంటే నేను పడవ ఎక్కించను. మీ స్ప్రింగ్స్‌లో నీళ్లు అద్దంలా ఉంటాయి నిజమే, అయినా డైవింగ్ ప్రపంచం వీటిని వదిలేసింది ఊరికే కాదుగా. నా ఓటు షోకేసుకే.

మాంటెరీ_తాత:

బుడగలు గారి భయం సబబే, దానికి తర్వాత వస్తాను. ముందు చేప బాబు ప్రశ్న. తెలివితక్కువది కాదది, ఈ మొత్తం కథలో అసలు ప్రశ్నే అది.

1943లో ఫ్రాన్స్ జర్మన్ల చేతిలో ఉంది, పెట్రోలు లేదు. ఎయిర్ లిక్విడ్ కంపెనీలో ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు, కార్లు పెట్రోలుకి బదులు గ్యాస్‌తో నడవడానికి ఒక వాల్వ్ తయారుచేశాడు, ఇంజను ఎంత లాగితే అంతే గ్యాస్ వదిలే వాల్వ్. కూస్తో వచ్చి నాకు మనిషి లాగినంత గాలి వదిలేది కావాలన్నాడు. ఇద్దరూ కలిసి ఒకటి తయారుచేసి ఆ జనవరిలో, ఎముకలు కొరికే చలిలో, పారిస్ బయట మార్న్ నదిలో దింపారు. అడ్డంగా పడుకుని ఈదితే బ్రహ్మాండంగా పనిచేసింది. నిటారుగా నిలబడితే గాలి దానంతట అదే బుసబుసా పోయి వృథా. తలకిందులైతే ఊపిరాడదు. మూతి ముడుచుకుని కారెక్కారు, దారిలోనే కిటుకు దొరికింది. గాలి వదిలే వాల్వ్ తల దగ్గర ఉంది, గాలి ఇచ్చే పొర వీపు మీద ఉంది. మధ్యలో దూరం ఓ జానెడు కూడా లేదు, కానీ నీళ్లలో ఆ జానెడే చాలు.

ఎందుకంటే డయాఫ్రం తనున్న లోతులో నీటి ఒత్తిడికి సరిపడా గాలి ఇస్తుంది. బయటికి పోయే ద్వారం అంతకంటే పైన ఉంటే అక్కడ ఒత్తిడి తక్కువ, గాలికి ఇక తలుపు తీసినట్టే, పారిపోతుంది. ద్వారం కింద ఉంటే అక్కడ ఒత్తిడి ఎక్కువ, ఊదడానికి నీ బుగ్గలు నొప్పెడతాయి. అందుకని ద్వారాన్ని తీసుకెళ్లి డయాఫ్రం పక్కనే పెట్టారు. నువ్వు ఎటు తిరిగినా, పల్టీ కొట్టినా, రెండూ ఒకే లోతులో. కానీ నోరు ముందుంది, ద్వారం వీపు మీద, మరి వదిలిన ఊపిరి అక్కడిదాకా ఎలా పోవాలి? అదే రెండో గొట్టం. ఆ ఏడాది జూన్‌లో బాందోల్ దగ్గర మధ్యధరా సముద్రంలో కూస్తో దిగాడు, ఈసారి ఏ పేచీ పెట్టలేదది.

మరి ఇప్పటి ఒంటి గొట్టం ఎలా కుదిరింది అంటే, డయాఫ్రాన్నీ ద్వారాన్నీ రెండింటినీ నోటి దగ్గరికే తెచ్చేశారు, వీపు నుంచి సన్నటి గొట్టంలో మధ్యస్థ ఒత్తిడి గాలి పంపుతున్నారు. మెల్‌బోర్న్‌లో టెడ్ ఎల్డ్రెడ్ 1952లో పోర్పస్ పేరుతో అమ్మకానికి పెట్టాడు. తేలిక, చవక, బాగుచేయడం సులువు. నేను 74లో కాలిఫోర్నియాలో డైవింగ్ నేర్చుకునేనాటికే రెండు గొట్టాలవి సెకండ్ హ్యాండ్‌లో పల్లీల ధరకి వచ్చేవి. మొదటిది అందుకే కొన్నాను, మోజుతో కాదు, జేబులో డబ్బుల్లేక.

ఇప్పుడు భయం సంగతి. అప్పట్లో వీటికి గేజ్ ఉండేది కాదు, సిలిండర్ వాల్వ్‌కే జె-వాల్వ్ అని ఒకటి ఉండేది. గాలి 300 పిఎస్‌ఐకి దిగగానే స్ప్రింగ్ మూసుకుని ఊపిరి బిగుస్తుంది, పక్కనున్న రాడ్డు కిందికి లాగితే మిగిలింది వస్తుంది, అది పైకి రావడానికి. నేనొకసారి కెల్ప్ నాచులో ముప్పై అడుగుల్లో ఉండగా ఊపిరి బిగిసింది. సరేలే అని తాపీగా రాడ్డు కోసం చెయ్యి పెట్టాను. రాడ్డు అప్పటికే కిందికి ఉంది. ఎప్పుడో నాచు తగులుకుని లాగేసింది, నాకు తెలియకుండా రిజర్వు కూడా తాగేశాను. వేళ్లకి ఆ రాడ్డు కొస తగలాల్సిన చోట ఖాళీగా తగలడం ఇప్పటికీ గుర్తుంది. పైకి వస్తుంటే చుట్టూ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి సిలిండర్ ఇంకో రెండు మూడు గుటకలు ఇచ్చింది, ఊపిరి బిగపట్టకుండా వదులుతూ వచ్చాను. ఒడ్డున మావాడు ఏమైందిరా మొహం అలా ఉంది అంటే చలి అన్నాను. కాబట్టి బుడగలు గారూ, గేజ్ లేకుండా దిగొద్దనే మాటకి నా రెండు చేతులూ ఎత్తుతున్నాను.

ఇత్తడిపిచ్చి:

తాతగారు చెప్పాక నేనేం చెప్పాలి. ఒక్క విషయం మాత్రం, ఇప్పుడు వీటితో దిగేవాళ్లలో గేజ్ లేకుండా దిగేవాళ్లు చాలా తక్కువ. రెగ్యులేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య బాంజో అని ఒక ముక్క బిగిస్తే ప్రెషర్ గేజ్ తగిలించుకోవచ్చు. ఇంకా కావాలంటే ఫీనిక్స్ అని కొత్తగా తయారుచేసిన ఇత్తడి బాడీ ఉంది, పాత ఆక్వా-మాస్టర్ పెట్టెలోనే ఇముడుతుంది, దానికి పోర్టులు ఉంటాయి, ఆక్టోపస్, జాకెట్‌కి గాలి పట్టే ఇన్‌ఫ్లేటర్ అన్నీ పెట్టుకోవచ్చు. పాతది ముట్టుకోవడమే వద్దనుకుంటే క్రాకెన్ అని పూర్తిగా కొత్త రెండు గొట్టాల రెగ్యులేటరే ఉంది. 2005లో ఆక్వా లంగ్ కంపెనీ కూడా మిస్ట్రాల్ అనే పాత పేరుతో కొత్తది దింపింది, ఎక్కువ కాలం నిలవలేదు. నా దృష్టిలో 1955 నాటి అసలు మిస్ట్రాలే అందం, ఒకటే స్టేజ్, లోపల భాగాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, గాలిని గొట్టంలోకి నేరుగా చిమ్ముతుంది కాబట్టి లాగడం మొదలుపెట్టగానే మిగతా ఊపిరి అదే తోసుకొస్తుంది. అంత సింపుల్‌గా గీసిన ఇంజనీరు కాళ్లకి దండం పెట్టాలి.

చేపా, నువ్వు దిగాలనుకుంటే గుర్తుంచుకోవాల్సింది సిలిండర్ ఎత్తు. ఇప్పటి అలవాటులో తలకి దగ్గరగా కడతావు. దీనికి అలా కడితే చచ్చినట్టు లాగాలి. బోర్లా ఈదేటప్పుడు ఆ పెట్టె నీ ఊపిరితిత్తుల కంటే పైన ఉంటుంది, ఎంత పైన ఉంటే అంత కష్టం. కాబట్టి సిలిండర్ని దించి పెట్టెని భుజం ఎముకల మధ్యకి, వీపుకి ఆనుకునేలా తీసుకురా. వెల్లకిలా తిరిగితే దీనికి తిరగబడి గాలి నోట్లోకి తన్నుకొస్తుంది, కంగారుపడకు, దాని గుణమది.

మౌత్‌పీస్ ఊడితే చెయ్యి పైకెత్తు, పెట్టె కంటే పైకి వెళ్లగానే గాలి బుసకొడుతూ నీళ్లని తనే తోసేస్తుంది, అలా పొంగుతుండగానే నోట్లో పెట్టుకో. పాత మౌత్‌పీస్‌లో వన్-వే వాల్వులు ఉండవు, నీళ్లు గొట్టాల్లోకి పోతే ఎడమ పక్కకి ఒరిగి ఊదాలి, వదిలే గొట్టం ఎడమ భుజం మీదుగా వెళ్తుంది కాబట్టి. వాల్వులున్న మౌత్‌పీస్ కొనుక్కో, ఈ సర్కస్ తప్పుతుంది. అయినా స్విమ్మింగ్ పూల్‌లో ఈ రెండూ ఇరవై సార్లు చేయకుండా బయట దిగొద్దు.

వైజాగ్_బుడగలు:

గేజ్, ఆక్టోపస్ పెట్టుకుంటే నా గొడవ సగం తగ్గినట్టే. మిగతా సగం, దాన్ని సర్వీస్ చేసేవాళ్లెవరు? ఇక్కడ మామూలు రెగ్యులేటర్‌కి కిట్ తెప్పించడానికే చుక్కలు కనిపిస్తాయి. పైగా డయాఫ్రం, వాల్వ్ పక్కపక్కనే ఉండాలన్న కారణం నాకూ ఇవాళే తెలిసింది, పదేళ్లుగా నేర్పుతున్నాను సిగ్గుగా ఉంది. మాంటెరీ తాతగారికి థ్యాంక్స్, రేపటి క్లాసులో వాడేసుకుంటాను.

ఫ్లోరిడా_చేప:

ఏడు వారాల తర్వాత అప్‌డేట్. మధ్యలో అడిగినవాళ్లందరికీ సారీ, ప్రతిదీ పోస్టులో రావాల్సిందే.

ముందు మా ఊళ్లో ఒక షాపుకి తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గర కుర్రాడు అటూ ఇటూ తిప్పి, సిలిండర్‌కి తగిలించి, బుస్సుమనిపించి "పర్ఫెక్ట్‌గా ఉంది బ్రో, డైవ్ చేసేయ్" అన్నాడు. విప్పనైనా లేదు! నమ్మి ఉంటే ఏమయ్యేదో. ఇంటికొచ్చి ఇత్తడిపిచ్చి అన్న చెప్పినట్టు క్లిప్పులు తీస్తే డక్‌బిల్ రెండు పెదాలూ కరిగిన బెల్లంలా అతుక్కుపోయి ఉన్నాయి, వేలు పెట్టి విడదీయబోతే తునిగి చేతికొచ్చింది. డయాఫ్రం మాత్రం ఆశ్చర్యంగా మెత్తగానే ఉంది, అయినా మార్చాను. లోపల వాల్వ్ ఆనుకుని మూసుకునే సీట్లు, ప్రెషర్ సర్దడం నా వల్ల కాదని తెలిసి, ఇవే చేసే ఒకాయనకి పక్క రాష్ట్రానికి పంపాను. ఫీనిక్స్ బాడీ, కొత్త గొట్టాలు, వాల్వులున్న మౌత్‌పీస్, అన్నీ కలిపి నలభై ఐదు డాలర్ల వస్తువుకి ఎంతయిందో ఇక్కడ రాయను, మా ఆవిడ ఈ థ్రెడ్ చదువుతోంది.

పూల్‌లో నాలుగు సాయంత్రాలు. మొదటిరోజు సిలిండర్ అలవాటుగా పైకి కట్టేశాను, మందపాటి స్ట్రాతో మిల్క్‌షేక్ లాగినట్టుంది. మూడంగుళాలు దించాను, వేరే రెగ్యులేటర్ పెట్టుకున్నట్టే మారిపోయింది. ఎడమకి ఒరిగి ఊదడం పదోసారికి కానీ రాలేదు (వాల్వులున్నా నేర్చుకున్నా, తాతగారి భయంతో).

పోయిన ఆదివారం బ్లూ గ్రాటో. ముందే ఫోన్ చేసి అడిగాను, ఒప్పుకున్నారు. మా బడ్డీ మామూలు గేర్‌తో, నేను దీంతో, ఇరవై అడుగులు దాటొద్దని ముందే మాట అనుకున్నాం. దిగిన మొదటి నిమిషం ఏదో తేడాగా ఉంది, ఏంటో తెలియలేదు, తర్వాత వెలిగింది, మొహం ముందు బుడగల్లేవు. ఇన్నాళ్లూ ప్రతి ఊపిరికీ చెంపల పక్కనుంచి గుడగుడమంటూ పోయేవి, మాస్క్ ముందు తెర కట్టేవి. ఇప్పుడవన్నీ మెడ వెనక ఎక్కడో, మా ఇంట్లో ఫిష్‌ట్యాంక్ మోటారు శబ్దంలా. ఊపిరి పీల్చినప్పుడు పెట్టెలోంచి సన్నగా టిక్ అని ఒక చప్పుడు, వీపు ఎముకకి తగులుతుంది. ఒక చిన్న చేప వచ్చి మాస్క్ అద్దం ముందు నిలబడి నన్నే చూసింది. మామూలుగా బుడగలకి జడిసి పారిపోయేది. పాతకాలం అండర్‌వాటర్ ఫోటోగ్రాఫర్లు చాలామంది వీటిని ఎందుకు వదల్లేదో అప్పుడు తెలిసింది.

ఒకసారి వెల్లకిలా తిరిగి పైన వెలుగు చూద్దామనుకున్నా, గాలి బుగ్గలు ఉబ్బేలా తన్నుకొచ్చింది, చెప్పారు కదా అని నవ్వబోయి నీళ్లు మింగాను.

బయటికొచ్చాక ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు వచ్చి చుట్టూ మూగారు, ఒకాయన గొట్టం పట్టుకుని నిమురుతూ వదల్లేదు, మా నాన్నది ఇలాంటిదే ఉండేది, అమ్మేశాం అన్నాడు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఆ పెద్దావిడ నిన్న ఫోన్ చేసింది, గరాజ్ అటక మీద దీని సిలిండర్ కూడా దొరికిందట, స్టీలు 72 (పాత సిలిండర్ సైజు), జె-వాల్వ్‌తో సహా. హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ గట్టితనం చూసే పరీక్ష) చివరిసారి 1971లో అని మెడ మీద కొట్టి ఉంది. ఇప్పుడు టెస్ట్ చేయిస్తే పాసయ్యే అవకాశం ఉందా, లేక గార్డెన్‌లో గంటలా వేలాడదీయడమేనా?

మాంటెరీ_తాత:

స్టీలు సిలిండర్లు మొండివి, లోపల తుప్పు పట్టకపోతే పాసవుతాయి. ముందు ఖాళీగా ఉందో లేదో మెల్లగా వాల్వ్ తిప్పి చూడు, లోపల ఏ కాలం నాటి గాలి ఉందో అది ముక్కు పెట్టి పీల్చకు. వాల్వ్ విప్పి టార్చి వేసి చూపించు షాపువాళ్లకి, ఆ కుర్రాడికి కాదు. గాలి నింపించేటప్పుడు రాడ్డు కిందికి లాగి ఉంచాలి, లేకపోతే సరిగ్గా నిండదు. నిండాక పైకి తోయడం మర్చిపోకు.

ఆ పచ్చ పెయింటో పసుపు పెయింటో ఏదుంటే అది గీకకుండా ఉంచు. ఫోటో పెట్టు.